పొట్లాలను లెక్కించే నిషేధం, నోరు చూడని వైద్యం

తెలంగాణ రాష్ట్రంలో గుట్కా తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం నాలుగూ నిషిద్ధం. ఇది నిన్న మొన్న వచ్చిన నిషేధమూ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013 జనవరిలో ఆహార భద్రతా చట్టం కింద దీనిని విధించింది. రాష్ట్రం విడివడిన తరువాత తెలంగాణ ప్రభుత్వమూ ఏటేటా ఆదేశాన్ని తిరగవ్రాస్తూ వచ్చింది. 2024 మే 24 నుండి ఏడాది కాలానికి వెలువడిన ఉత్తర్వు ఆ వరుసలోనిదే. ఏటేటా ఎందుకు వ్రాయవలసి వస్తున్నదంటే, ఆ చట్టంలోని 30వ సెక్షన్ ఆహార భద్రతా కమిషనరుకు ఒక వస్తువును ఒక్క సంవత్సరం మించకుండా ఆపే అధికారాన్ని మాత్రమే ఇచ్చింది. అంటే పదేళ్ళకు పైగా మనం చూస్తున్నది శాశ్వత నిషేధం కాదు, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ సంతకం పడే తాత్కాలిక నిషేధం.

ఈ కాగితానికీ పాలమూరు పల్లెకూ మధ్య ఉన్న దూరం ఎంతో పాన్‌గల్ వైపు ప్రయాణించిన వారికి చెప్పనక్కరలేదు. వనపర్తి జిల్లాలోని ఈ మండలంలో గానీ, పక్కనున్న గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో గానీ గుట్కా అడిగినవాడు ఉత్తచేతులతో తిరిగి రావడం అరుదు. నిషేధం వలన మారినవి రెండే: పొట్లం డబ్బా ముందు వేలాడడం మాని గల్లాపెట్టె కిందికి చేరింది, దాని ధర పెరిగింది. తినేవాడు తింటూనే ఉన్నాడు. ఆ పెరిగిన ధరలో కంపెనీవాడిది, దళారీది, కళ్ళు మూసుకున్నవాడిది వాటా ఎంతెంతో తెలియదు గానీ, మొత్తం చెల్లించేది మాత్రం రోజుకూలీ.

పత్రికలు తిరగవేస్తే దాడుల వార్తలకు కొదవ లేదు. ఇన్ని సంచులు పట్టుకున్నారు, ఇన్ని లక్షల విలువ, ఇద్దరి అరెస్టు. ఆ ఇద్దరూ ఎవరు? ఆటో తోలేవాడు ఒకడు, పాన్ డబ్బా నడిపేవాడు మరొకడు. సరకు వచ్చిన దారిగా పోలీసు ప్రకటనల్లో తరచూ వినిపించే పేర్లు బీదర్, రాయచూరు. కర్ణాటకలోనూ 2013 నుండి గుట్కా నిషేధమే ఉన్నది. రెండు రాష్ట్రాలూ నిషేధించిన వస్తువు రెండు రాష్ట్రాల సరిహద్దును లారీల్లో దాటుతున్నదంటే, అది ఎక్కడో ఒక కర్మాగారంలో తయారై, ఎవరో ఒకరి గోదాములో దిగుతున్నదని అర్థం. ఆ కర్మాగారం యజమాని కోర్టు మెట్లెక్కిన వార్త చదవడానికి మనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాము.

చట్టం లోపలి చిక్కు కూడా పాఠకులు తెలుసుకోదగినది. గుట్కా దొరికినప్పుడు పోలీసులు భారత శిక్షాస్మృతి సెక్షన్లు పెట్టి కేసు నమోదు చేయడం చాలా కాలం ఆనవాయితీగా సాగింది. ఆహార భద్రతా చట్టం కింద వచ్చే నేరాన్ని దర్యాప్తు చేసి అభియోగపత్రం వేసే అధికారం పోలీసులకు లేదని, అది ఆహార భద్రతాధికారి పని అని హైదరాబాదులోని హైకోర్టు 2018లో తీర్పు చెప్పింది. హానికర ఆహారం విషయంలో ఆహార భద్రతా చట్టంలోని 59వ సెక్షనే వర్తిస్తుందనీ, శిక్షాస్మృతిలోని 272, 273 సెక్షన్లు దానితో పాటు నడవవనీ 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి జరుగుతున్నదేమిటి? అరెస్టు చేసేది పోలీసులు, అధికారం ఉన్నది వేరొకరికి. అరెస్టయిన చిన్న దుకాణదారు జామీనుకూ వకీలుకూ అప్పు చేస్తాడు. కేసు చివరికి కొట్టివేయబడుతుంది. నిజంగా కేసు నడపవలసిన ఆహార భద్రతాధికారుల సంఖ్య జిల్లాలోని పోలీసుల సంఖ్యతో పోల్చదగినదే కాదు. దీనివలన పేదవాడికి శిక్ష విచారణకు ముందే పడిపోతున్నది, వస్తువుకు మాత్రం ఎప్పటికీ పడడం లేదు.

కంపెనీల తెలివి మరొక దిక్కున పనిచేస్తున్నది. పొగాకు కలిపిన పాన్ మసాలా నిషిద్ధం గనుక పొగాకు లేని పాన్ మసాలాను ఒక పొట్లంలో, జర్దాను మరొక చిన్న పొట్లంలో పెట్టి పక్కపక్కనే అమ్ముతారు. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు. గుట్కా తయారీ ఫ్యాక్టరీ నుండి కొనుగోలుదారు అరచేతికి మారింది, అంతే. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఈ జంట పొట్లాల సంగతిని గమనించి, నిషేధాన్ని సక్రమంగా అమలు జరపాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్లాస్టిక్ పొట్లాల్లో గుట్కా, పొగాకు అమ్మరాదని అదే న్యాయస్థానం 2010 డిసెంబరులోనే చెప్పింది. ఆ పొట్లాల ముక్కలు మన మోరీల్లో ఇప్పటికీ తేలుతున్నాయి.

ముస్లింల హక్కుల కోసం నడిచే పత్రికగా ఇక్కడ మేము ఒక ఇబ్బందికరమైన మాట చెప్పక తప్పదు. ఆ పాన్ డబ్బా నడిపేవాడు చాలా చోట్ల మనవాడే. జీతం వచ్చే కొలువుల్లో మన వాటా తక్కువ అనీ, మనలో స్వయం ఉపాధి మీద బతికేవారు ఎక్కువ అనీ 2006లో సచార్ కమిటీ చెప్పింది. తెలంగాణ ముస్లింల స్థితిగతులపై సుధీర్ కమిషన్ 2016లో సమర్పించిన నివేదిక కూడా చిన్న వ్యాపారాలు, డ్రైవింగు, మెకానిక్ పనుల మీద ఆధారపడిన బతుకులనే చూపింది. పంక్చర్ దుకాణం, చాయ్ బండి, పాన్ డబ్బా మనకు దొరికిన ఉపాధి. అతడిని వేధించే అధికారిని మనం ప్రశ్నించాలి, ప్రశ్నిస్తాము. కానీ అతడు అమ్మేది తిని మంచం పట్టినవాడు కూడా మన గల్లీలోనే ఉన్నాడు. మొదటివాడి తరఫున మాట్లాడి రెండవవాడి విషయంలో మౌనం వహిస్తే అది సగం హక్కుల పోరాటమే అవుతుంది. పొగాకు లేకుండా డబ్బా నడపడం సాధ్యమా అని అడిగేవారికి జవాబు సులువు కాదు. డబ్బా రాబడిలో పెద్ద భాగం దానిదే. అందుకే చిన్న దుకాణదారుకు వేరే సరకు పెట్టుకొనేందుకు మైనారిటీ ఆర్థిక సంస్థ రుణాలలో స్థానం ఉండాలని కోరడం న్యాయమైన కోరిక. అటువంటి కోరికను మన సంఘాలు ఇంతవరకు గట్టిగా పెట్టలేదు.

ఇప్పుడు నోటి సంగతి. దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ప్యాకెట్టు మీద భయంకరమైన బొమ్మను రోజూ చూస్తున్నవారికి కూడా లోపల జరిగేది తెలియదు.

తంబాకుకు సున్నం కలపడం రుచి కోసమని చాలామంది అనుకొంటారు. సున్నం క్షారగుణం వలన పొగాకులోని నికోటిన్ విడివడి, చెంప లోపలి పలుచని పొర గుండా త్వరగా రక్తంలో కలుస్తుంది. అరచేతిలో నలిపి, తట్టి, పెదవి కింద పెట్టుకొన్న కొద్ది నిమిషాల్లో తల తేలికైనట్లు అనిపించడానికి కారణం ఇదే. అలవాటు బిగుసుకోవడానికీ కారణం ఇదే. పొగాకు ఆకులో ఉన్న నైట్రోసమైన్లు అనే రసాయనాలు అదే చోట, అదే పొరను రోజుకు గంటల తరబడి తడుపుతూ ఉంటాయి. ఎడమ చెంపలో పెట్టుకొనేవారికి పుండు ఎడమ చెంపలోనే లేవడం వైద్యులకు తెలిసిన సంగతే.

వక్కది మరొక కథ. పొగాకు లేని పాన్ మసాలా నిరపాయమని నమ్మి పిల్లలకు కూడా ఇచ్చే ఇండ్లు ఉన్నాయి. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం నోటి లోపలి పొర కింద నారను పేర్చుతూ పోతుంది. మెత్తగా, సాగే గుణంతో ఉండవలసిన చెంప తోలుపట్టీలా గట్టిపడుతుంది. మొదట కారం తగిలితే మంట. తరువాత నోరు పూర్తిగా తెరుచుకోదు. ఆ పైన రోటీ ముక్క పెట్టడానికి కూడా కష్టం. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని వైద్యులు పిలిచే ఈ స్థితి పూర్తిగా వెనుకకు మళ్ళదు. అది ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నమిలే పొగాకునూ, పొగాకు కలిసినా కలియకున్నా తాంబూలాన్నీ, విడిగా వక్కనూ, మూడింటినీ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉన్నది. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ నిలువుగా ఒకదానిపై ఒకటి చేర్చి నోటిలో పెట్టాలి. మూడు వేళ్ళూ పట్టని నోటిని డాక్టరుకు చూపవలసిందే. రెండు వారాలకు మానని పుండు, చెంపలో తెల్లటి లేక ఎర్రటి మచ్చ, మెడలో గడ్డ, మింగడానికి కష్టం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయరాదు. మంచి మాట ఏమిటంటే, అలవాటు మానిన తరువాత తెల్లమచ్చలు చాలామందిలో తగ్గిపోతాయి. నోటి క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకొంటే బ్రతికే అవకాశం మెరుగ్గా ఉంటుంది. ముదిరిన తరువాత దవడ ఎముక తీయవలసి వస్తుంది.

పాలమూరు కూలీ దీనిని ఎందుకు మొదలుపెడతాడన్నది తెలియకుండా అతడికి హితబోధ చేయడం మాకు ఇష్టం లేదు. ఈ నేల నుండి ముంబయికీ, పుణెకూ, హైదరాబాదుకూ వలసపోయి కాలువలు తవ్విన, మేడలు కట్టిన కూలీలను దేశమంతా పాలమూరు లేబర్ అనే పేరుతోనే ఎరుగును. తిండి వేళకు అందని చోట తంబాకు ఆకలిని కాసేపు చంపుతుంది. రాత్రి లారీ నడిపేవాడికి నిద్రను ఆపుతుంది. పన్ను నొప్పి లేచిన తల్లికి చిటికెడు నస్యమో, గుల్ పొడో పంటి మీద రుద్దుకొంటే నొప్పి మొద్దుబారుతుంది. పన్ను నొప్పి పోయినా పొడి పోదు. దంతవైద్యుడు దగ్గరలో లేని చోట పొగాకు పంటిమందు అయి కూర్చుంది. ఒక్కొక్క పొట్లం పది రూపాయలనుకొని రోజుకు ఐదు వేసుకొంటే నెలకు పదిహేను వందలు. ఒంటరి మహిళకు ఆసరా పింఛనుగా వచ్చేది 2,016 రూపాయలు. లెక్క ఎవరైనా చేయవచ్చు.

మహిళల సంగతి విడిగా చెప్పాలి. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం తెలంగాణ వయోజనుల్లో 10.1 శాతం పొగలేని పొగాకు వాడుతున్నారు. రాష్ట్ర మహిళల్లో పొగ తాగేవారు 2.5 శాతమైతే, నమిలేవారు లేక రుద్దుకొనేవారు 7.2 శాతం. కారణం ఊహించడం కష్టం కాదు. బీడీ కాల్చే స్త్రీని ఊరు చూస్తుంది, తప్పు పడుతుంది. చెంపలో జర్దా పెట్టుకొన్న స్త్రీని ఎవరూ చూడరు. ఘోషా పాటించే మన ఇండ్లలో ఆ అలవాటు ఇంకా లోపలికి పోయింది. వైద్యుడు అడగడు, ఆమె చెప్పదు. గర్భిణి పొగాకు నమిలితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు, కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతాయని ఆమెకు చెప్పినవారు లేరు. దేశం మొత్తం మీద చూసినా, వైద్యుని దగ్గరకు వెళ్ళిన పొగలేని పొగాకు వాడకందారులలో మానమని సలహా పొందినవారు మూడింట ఒక వంతుకు చేరలేదని అదే సర్వే చెబుతున్నది.

పాన్ మన తహజీబ్ గదా, దానిని కూడా మానమంటారా అని పెద్దలు అడుగుతారు. పాన్‌దాన్‌కు మన చరిత్రలో ఎంత చోటున్నదంటే, మర్యాదస్తుల ఇండ్లలో కోడలి స్వంత ఖర్చుకు ఇచ్చే భరణానికే ఖర్చె పాన్‌దాన్ అని పేరు. మామగారు నెలకు ఐదు వందల రూపాయలు ఇస్తానని వ్రాసిచ్చిన ఖర్చె పాన్‌దాన్ కోసం హుసేనీ బేగం వేసిన వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, 1910లో ఆమె పక్షాన తీర్పు వచ్చింది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ దానిని చదువుతారు. ఆ పాన్‌దాన్ స్త్రీ హక్కుకు గుర్తుగా నిలిచిందని మేము సంతోషంగానే ఒప్పుకొంటాము. అయితే అందులో పొగాకు ఎప్పుడు చేరిందన్నది వేరే ప్రశ్న.

1443లో హిరాత్ నుండి విజయనగరానికి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజ్జాఖ్ తాంబూలాన్ని మెచ్చుకొంటూ వ్రాశాడు. ఆ తాంబూలంలో పొగాకు లేదు, ఉండే వీలూ లేదు, ఎందుకంటే ఆ మొక్క అప్పటికి అమెరికా ఖండాన్ని దాటలేదు. పోర్చుగీసు ఓడలతో దక్కనుకు చేరిన పొగాకును అసద్ బేగ్ బీజాపూరు నుండి తీసుకొనిపోయి అక్బరు దర్బారులో సమర్పించింది 17వ శతాబ్ది తొలి ఏళ్ళలో. వద్దని హెచ్చరించిన హకీములు ఆ రోజే ఉన్నారు. జహంగీర్ 1617లో పొగతాగడాన్ని నిషేధించాడు. ఆ నిషేధం కూడా కాగితం మీదనే మిగిలిందన్నది వేరే సంగతి. పాన్‌గల్ కొండకోటను బహమనీలు కాపు కాసిన కాలంలో వారి సిపాయిలకు తంబాకు అంటే ఏమిటో తెలియదు. ఇక రంగు పొట్లంలో వచ్చే గుట్కా వయస్సు యాభై ఏళ్ళ చిల్లర. దీనిని తహజీబ్ అనడం కంపెనీ ప్రకటనను నమ్మడమే.

మరొక వైపు నుండి వచ్చే మాటకూ జవాబు ఉండాలి. ఎర్రగా ఉమ్మిన గోడను చూపించి ఇది ముస్లిం మొహల్లా అని ఎగతాళి చేసేవారు ఉన్నారు. అదే జాతీయ సర్వేలో దేశంలో అత్యధికంగా పొగాకు వాడే రాష్ట్రాలుగా తేలినవి త్రిపుర 64.5 శాతం, మిజోరం 58.7 శాతం, మణిపూర్ 55.1 శాతం. త్రిపురలోనూ మణిపూర్‌లోనూ మన సంఖ్య తక్కువ, మిజోరంలో దాదాపు లేము. పొగాకుకు మతం లేదు. అది పేదరికాన్నీ, అలవాటునూ, అంగడి దగ్గరతనాన్నీ అంటుకొని తిరుగుతుంది. ఈ ఎగతాళిని తిప్పికొట్టడం అవసరమే. కానీ ఎగతాళి చేస్తున్నారన్న కోపంతో ఇంట్లో ఉన్న జబ్బును దాచుకోవడం ఎవరికి మేలు?

ధర్మం ఏమి చెబుతున్నది అన్న చర్చ మన జల్సాల్లో వచ్చినప్పుడల్లా అది హరామా, మక్రూహా అన్న దగ్గర ఆగిపోతుంది. ఉలమాలలో అభిప్రాయ భేదం ఉన్నమాట నిజమే. ఫత్వా ఇచ్చే అర్హత సంపాదకులకు లేదు, ఆ పనికి మేము పూనుకోము. అయితే ఆత్మవినాశనాన్ని వారించే అల్ బఖరా అధ్యాయంలోని 195వ ఆయతును ఎరుగని ఇమాం లేరు. ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించిన సంగతి, మిస్వాక్ మీద వారికి ఉన్న శ్రద్ధ ప్రతి మక్తబ్‌లో పిల్లలకు నేర్పుతున్నాము. వజూ చేసే హౌజు దగ్గర పుక్కిలించి ఉమ్మిన ఎరుపును చూస్తూ కూడా జుమా ఖుత్బాలో ఈ ప్రస్తావన ఎందుకు రాదో మాకు అర్థం కాదు. ఖుత్బా ఇచ్చేవారిలో కొందరి చెంపలోనే పాన్ ఉండడం ఒక కారణమని సదస్యులు గుసగుసలాడుకొంటారు. ఆ మాట పెద్దల ముందు అనడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

రంజాన్ మాసం మనకు ఒక అవకాశం చూపుతున్నది. రోజుకు పది పొట్లాలు నమిలేవాడు కూడా సహరీ నుండి ఇఫ్తార్ దాకా పన్నెండు, పదమూడు గంటలు దానిని ముట్టడు. ముప్పై రోజులు అలా గడుపుతాడు. ఖర్జూరంతో ఉపవాసం విరమించి, మగ్రిబ్ ముగించి, బయటికి వచ్చిన వెంటనే చేయి జేబులోకి పోతుంది. పగలు ఆపగలిగిన మనిషిని రాత్రి కూడా ఆపేందుకు ఆ ఒక్క గంటలో పక్కన ఎవరైనా ఉండాలి. మానిన తొలి రోజుల్లో చికాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం సహజం. కొద్ది వారాల్లో అవి తగ్గుతాయి. కోరిక అలలా వచ్చి కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఈ సంగతులు చెప్పగలిగిన ఒక వైద్యుని తరావీహ్ తరువాత పావుగంట మాట్లాడమని మస్జిద్ కమిటీలు పిలవవచ్చు. ఖర్చు లేని పని.

పిల్లల విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడడం కుదరదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి పొగాకు అమ్మరాదని, విద్యాసంస్థకు వంద గజాల లోపల అమ్మరాదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెప్పింది. తప్పితే రెండు వందల రూపాయల దాకా జరిమానా. రెండు వందల రూపాయలకు ఎవరు భయపడతారు? కానీ బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ వేరే భాష మాట్లాడుతుంది. పిల్లవాడి చేతికి పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇది మన దుకాణదారులకు తెలియదు. ఇంటికి పొట్లం తెమ్మని పదేళ్ళ కొడుకును డబ్బాకు పంపే తండ్రికి కూడా తెలియదు. ఆ పిల్లవాడు తెచ్చే పదవ పొట్లం నాటికి రుచి చూడడం మొదలవుతుంది. చిన్న దుకాణదారు పట్ల మేము చూపిన సానుభూతి ఈ గీత దగ్గర ఆగుతుంది.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసినవి. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, క్యాన్సర్ చికిత్స అందులో ఉన్నది. మంచిదే. మన దగ్గర మనిషికి దవడ తీయడానికి లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది, పొగాకు మాన్పించడానికి మండల స్థాయిలో కూర్చొని మాట్లాడే మనిషి లేడు. ముప్పై ఏళ్ళు దాటిన వారందరికీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రాథమిక స్థాయిలోనే జరగాలన్నది కేంద్ర ఆరోగ్య కార్యక్రమంలో ఉన్న అంశమే. టార్చి, చెక్కపుల్ల, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త, కావలసినవి ఇవే. ఇది ఊహ కాదు. తిరువనంతపురం జిల్లాలో ఇలాగే కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించగా, పొగాకు లేక మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. మరొక రాష్ట్రంలో రుజువైన పద్ధతి ఇరవై ఏళ్ళు గడిచినా పాన్‌గల్ గడపకు చేరాలని కోరవలసి రావడం విచారకరం. వనపర్తిలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. వారానికి ఒక దినం అక్కడి వైద్య బృందం మండల కేంద్రాలకు వచ్చి నోళ్ళు చూస్తే, జబ్బు ముదిరిన తరువాత సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో పడుకొనేవారు కొందరైనా తగ్గుతారు. 1955 నుండి పేదలను చూస్తున్న ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్నదని మన యువకుల్లో ఎందరికి తెలుసు?

అల్పసంఖ్యాకుల ఆరోగ్యాన్ని వారి భాషలో, వారి ఇంటి మర్యాదకు తగినట్లు చూడడం ప్రభుత్వాలకు సాధ్యం కాని పని కాదు. బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాలలోని జర్దా, గుట్కా వాడకం కోసం అక్కడి ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2012లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. ఆ సముదాయాల సంఘాలతో కలిసి, వారి భాషల్లో పని చేయాలని సూచించింది. మన దగ్గర ఉర్దూ మాట్లాడే తల్లి నోరు తెరిచి చూపాలంటే ఆమె మాట అర్థమయ్యే మహిళా కార్యకర్త, తలుపు వేసుకొనే గది, రెండూ కావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

పొగాకు మానదలచినవారికి జాతీయ సహాయ ఫోను 1800-11-2356 ఉన్నది, పిలుపు ఉచితం. చట్టప్రకారం అమ్మే పొగాకు ప్యాకెట్ల మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది. చదువు రాని అమ్మకు ఆ అంకెను నొక్కి ఇచ్చే పని ఇంట్లోని పిల్లలది.

వచ్చే సంచికలోగా పాఠకులు ఒక పని చేయాలని కోరుతున్నాము. పాన్‌గల్ మండలంలోనైనా, మీ స్వంత మండలంలోనైనా, గడచిన ఏడాదిలో ముప్పై ఏళ్ళు దాటిన మీ ఇంటివారి నోటిని ఆరోగ్య కార్యకర్త ఎవరైనా టార్చి వేసి చూశారా, చూస్తే మగవారిని మాత్రమే చూశారా, ఆడవారిని కూడా చూశారా, పాఠశాలకు వంద గజాల లోపల పొగాకు అమ్మే డబ్బాలు ఎన్ని ఉన్నాయి, ఈ మూడు సంగతులూ ఒక కార్డు మీద వ్రాసి పంపండి. పేర్లు అక్కరలేదు, ఊరి పేరు చాలు. చేరిన కార్డులన్నింటినీ జిల్లాల వారీగా కూర్చి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు సమర్పించి, వారు ఇచ్చిన సమాధానాన్ని ఈ పుటలోనే ప్రకటిస్తాము.